కరివేపాకుకి చిల్లులు పడనివ్వండి!

కిందటేడాది భాద్రపద మాసం. పప్పు పొయ్యి మీద ఉడుకుతోంది. పోపులోకి రెండు రెబ్బలు కరివేపాకు తుంచుకొద్దామని పెరట్లోకి వెళ్లాను కదా... మొక్క సగానికి సగం బోడిగా నిలబడి ఉంది! ఆకులు పోయి ఈనెలు మిగిలాయి. దగ్గరికెళ్లి చూస్తే, చిటికెన వేలంత ఆకుపచ్చ పురుగులు తాపీగా భోజనం చేస్తున్నాయి. ఒకదాన్ని పుల్లతో కదిపాను. అంతే! తల మీంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి గుప్పున ఘాటు వాసన వదిలింది. ఒళ్లు జలదరించిపోయింది నాకు.

ఇంకేముంది, కొంగు బిగించాను. అటక మీదున్న పురుగుల మందు దింపి, మొక్క నిండా తడిసేలా కొట్టేశాను. పొరుగింటి పిన్నిగారు గోడ మీంచి చూసి "మంచి పని చేశావమ్మాయ్" అని మెచ్చుకున్నారు కూడా.

సాయంత్రం మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా దింపకుండా పెరట్లోకి పరిగెత్తింది. "అమ్మా! నా పురుగులేవి? ఏడు ఉండాలి!" అంటూ మొక్క చుట్టూ తిరుగుతోంది. పది రోజులుగా రోజూ లెక్కపెట్టుకుంటోందట. నాకు చెబితే తీసి పారేస్తానని చెప్పలేదట. నిజమే కదా, పారెయ్యడమేమిటి, చంపేశాను!

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా అత్తయ్యగారికి నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ దాదాపుగా పోయాయి. పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఏ పిట్ట కూతను బట్టి ఏ వేళయిందో చెప్పేస్తారు. ఆవిడకి పెరడంటే చప్పుళ్లే. వారం తిరిగాక ఒకరోజు అడిగారు. "అమ్మాయ్, కుట్టుపిట్ట కూత వినబడట్లేదేంటే? దానికేమైనా అయిందా?"

నేను బీయస్సీలో బోటనీ, జువాలజీ చదివినదాన్నే. ప్యూపా బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు వెతుక్కుంటూ నేను తెలుసుకున్న నాలుగు ముక్కలే ఈ వ్యాసం.

పేరుకి పెరడు

ఆ ఏడు పురుగులూ ఏమిటో తెలుసా అండీ? నల్లటి రెక్కల మీద తెల్లచుక్కల వరస ఉండే పెద్ద సీతాకోకచిలుక పిల్లలు! కరివేపాకు, నిమ్మ, నారింజ జాతి మొక్కల మీదే అది గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలకి తినడానికి వేరే ఆకు పనికిరాదు. చంటిబిడ్డకి తల్లిపాలలాగ, ఒక్కో సీతాకోకచిలుక పిల్లకి ఒక్కో రకం ఆకు రాసిపెట్టి ఉంటుంది.

మనం చేస్తున్నదేమిటి? సీతాకోకచిలుకలు రావాలని రంగురంగుల పూలమొక్కలు తెచ్చుకుంటాం. వాటి పిల్లలు ఆకు తింటే మందు కొడతాం. అంటే పేరంటాళ్లని పిలిచి, వాళ్ల పిల్లల్ని గుమ్మంలోంచి తరిమేస్తున్నామన్నమాట!

మా అత్తయ్యగారి పుట్టిల్లు కోనసీమ. వాళ్ల ఇంటి పెరట్లో ఏమేం ఉండేవని అడిగితే, కళ్లు మూసుకుని నడుస్తున్నట్టే చెప్పుకొచ్చారు. నూతి దగ్గర అరటి బోదెలు. స్నానాలగదిలోంచి పారే నీళ్లన్నీ వాటికే. పక్కన కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, మునగ. దేవుడి పూలకి మందారం, నందివర్ధనం, గన్నేరు. రాలిన పారిజాతాలు ఏరుకోడానికి తెల్లారకుండా లేచేవారట. గోడవారన ఎవరూ నాటకుండానే మొలిచిన జిల్లేడు, ఉత్తరేణి. సంక్రాంతికి కొత్త ధాన్యం రాగానే వరి కంకులతో కుచ్చులు అల్లి వసారాలో వేలాడదీసేవారు. అలంకారానికి అలంకారం, పిచ్చుకలకి భోజనం. ఆ కుచ్చులు అల్లే అలవాటు మన గోదావరి జిల్లాల్లో పూర్తిగా పోలేదు, సంతోషం.

"తోట పెంచుతున్నామని అనుకున్నామా ఏంటి? ఇంట్లో ఏం కావాలో అవి వేసుకున్నాం. మేం తినగా మిగిలింది అవి తినేవి" అన్నారు అత్తయ్యగారు.

ఇప్పుడు రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో మన ఇళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. గేటు నుంచి వెనక గోడ దాకా గచ్చు, కాదంటే టైల్స్. మూల మీద నాలుగు సిమెంటు కుండీలు. వాటిలో ఏ పురుగూ ముట్టని, ఏ పిట్టా వాలని మెరుపు మొక్కలు. తుడవడానికి సుఖమే, కాదనను. కానీ చప్పుడు లేదు.

గింజలొక్కటే చాలవు

మార్చి 20 వస్తే ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. 2010 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు స్కూళ్లలో పిల్లల చేత అట్టపెట్టెల గూళ్లు చేయిస్తారు. మనం గింజలు చల్లుతాం, నీళ్లు పెడతాం. మంచిదే. అయినా పిచ్చుక రాదు. "సెల్ టవర్ల వల్లేనండీ" అని నిట్టూర్చి ఊరుకుంటాం.

2020లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' అనే నివేదిక వచ్చింది. దేశమంతటా పక్షుల్ని చూసి లెక్కలు రాసేవాళ్లు పంపిన వివరాలన్నీ కూర్చి తయారుచేసిన నివేదిక అది. దేశం మొత్తమ్మీద పిచ్చుకలు పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉన్నాయని, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గుతున్నాయని అందులో చెప్పారు. సెల్ టవర్ల వల్లే అనడానికి ఆధారాలు లేవనీ చెప్పారు. మరి దేనివల్ల? గూడు కట్టుకునే చోట్లు తగ్గడం, పిల్లలకి పెట్టే పురుగులు తగ్గడం అయి ఉండొచ్చట.

అవునండీ, పురుగులే! పెద్ద పిచ్చుక గింజలు తింటుంది కానీ, కళ్లు తెరవని పిల్లకి గింజలు అరగవు. మెత్తటి పురుగులే దానికి ఉగ్గు. కుట్టుపిట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆకుల అంచుల్ని సాలెగూటి పోగులతో, పీచుతో కలిపి కుట్టి అందులో గూడు పెట్టుకునే ఆ వేలెడంత పిట్టకి పురుగులే ప్రధానమైన తిండి. తేనెపిట్ట తాను తేనె తాగుతుంది, పిల్లలకి మాత్రం సాలెపురుగుల్ని, చిన్న చిన్న పురుగుల్ని ఏరుకొస్తుంది.

అమెరికాలో డగ్లస్ టాలమీ అనే కీటక శాస్త్రవేత్త ఉన్నారు. ఇళ్ల చుట్టూ స్థానిక మొక్కలే ఎందుకు పెంచాలో వివరిస్తూ 2007లో ఒక పుస్తకం రాశారు. అక్కడ చికడీ అని మన పిచ్చుక కన్నా చిన్న పిట్ట ఉంటుంది. ఒక్క ఈత పిల్లల్ని పెంచడానికి దానికి ఆరు వేల నుంచి తొమ్మిది వేల పురుగులు కావాలని ఆయన లెక్క చెబుతారు. నేనేమో ఏడు పురుగుల్ని చూసి అటక ఎక్కాను!

చవితి పత్రిలోనే ఉంది జాబితా

సరే, మరి ఏ మొక్కలు వేసుకోవాలి? పెద్ద పెద్ద పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. వినాయక చవితి పూజలో చదివే ఇరవయ్యొక్క పత్రాల పేర్లు ఒకసారి గుర్తుచేసుకోండి. మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, దానిమ్మ, వావిలి, జాజి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు... దాదాపుగా మన పిట్టల, పురుగుల భోజనశాల మెనూ కార్డే అది! ఒకప్పుడు పిల్లలు ఊరంతా తిరిగి కోసుకొచ్చేవారు. ఇప్పుడు బజారులో కట్టగా కొంటున్నాం. ఆ కట్టలో ఏది ఏ ఆకో మనలో ఎంతమంది గుర్తుపట్టగలం?

వీటిలో కొన్నిటికీ, ఇంకొన్ని పెరటి మొక్కలకీ వచ్చే అతిథులెవరో చెబుతాను. కత్తిరించి దాచుకోండి.

• కరివేపాకు, నిమ్మ, మారేడు: నలుపు మీద పసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుక. దాని పిల్లలు చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉండి, ఎదిగాక ఆకుపచ్చగా మారతాయి. నేను మందు కొట్టిన నల్లరెక్కల దానికీ కరివేపాకు, నిమ్మే ఇష్టం.

• జిల్లేడు: నారింజ రంగు రెక్కలకి నల్లటి అంచు ఉండే సీతాకోకచిలుక. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. అందుకే పిట్టలు దాని జోలికి పోవు. దీని పాలు కంట్లో పడకుండా జాగ్రత్త.

• గన్నేరు: ముదురు గోధుమరంగు సీతాకోకచిలుక. దీని ప్యూపా ఆకు కింద వెండి జుంకాలా తళతళా మెరుస్తుంది. ఒక్కసారి చూస్తే మరిచిపోలేరు. గన్నేరు విషం కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి.

• రేల, తంగేడు: లేత పసుపు, నిమ్మపండు రంగు సీతాకోకచిలుకలు.

• ఆముదం: ఇటుక రంగు సీతాకోకచిలుక. గింజలు విషం, పిల్లల చేతికి అందనివ్వకండి.

• నరమామిడి, అంటే మనం అశోక అని పిలిచే పొడుగాటి చెట్టు: నలుపు మీద పచ్చటి చుక్కలతో ఒక్కచోట నిలవకుండా ఎగిరే సీతాకోకచిలుక.

• ఈశ్వరి తీగ: ఎర్రటి ఒళ్లు, నల్లటి రెక్కలుండే గులాబి జాతి సీతాకోకచిలుకలు. ఇవి ఈశ్వరి జాతి మొక్కల మీదే గుడ్లు పెడతాయి.

• మందారం, దానిమ్మ, అరటి పువ్వు: తేనెపిట్టలు.

• వేప: పండ్ల కాలంలో గోరువంకలు, పిగిలిపిట్టలు, కోకిలలు, చిలుకలు. 2018లో మన రాష్ట్రం వేపను రాష్ట్ర వృక్షంగా, రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది.

రావి, మర్రి మాత్రం ఇంట్లో వద్దు, గోడలు చీలుస్తాయి. వాటి చోటు గుడి దగ్గర, చెరువు గట్టు మీద.

బయటినుంచి వచ్చిన మొక్కలన్నీ చెడ్డవని నేననడం లేదు. జామ, బొప్పాయి, బంతి, ఆఖరికి మిరప కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. జామచెట్టు కొట్టేస్తే చిలుకలు నన్ను శపిస్తాయి! పది మొక్కలుంటే కనీసం ఆరు మనవి ఉండాలంటాను, అంతే.

కడియంలో అడిగి చూశాను

జాబితా రాసుకుని, సంక్రాంతి ముందు మావారిని బతిమాలి కడియం తీసుకెళ్లమన్నాను. మనకేం తక్కువ! కడియం, కడియపులంక, బుర్రిలంక, వీరవరం... హైవే పొడుగునా నర్సరీలే. గోదావరి ఒండ్రు, కాలవ నీళ్లు, తరాల పనితనం. దేశమంతటికీ మొక్కలు వెళ్లేది ఇక్కణ్నుంచే. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అడవి వైపు కనిపించిన చిరుతపులి కూడా తర్వాత ఈ నర్సరీల్లోకే వచ్చింది. ఆ వారం రాజమండ్రిలో మనమంతా ఎలా బిక్కుబిక్కుమన్నామో గుర్తుందిగా! నేను పిలవమనే అతిథుల్లో చిరుత లేదు లెండి, భయపడకండి.

ఒక నర్సరీలో అడుగుపెట్టాను. కళ్లు చెదిరిపోయాయి. థాయ్‌లాండ్ రకాలు, గుండ్రంగా కత్తిరించినవి, మెలికలు తిప్పినవి. నా జాబితా తీసి "ఈశ్వరి తీగ ఉందాండీ?" అని అడిగాను. కుండీల్లో మట్టి నింపుతున్న ఆవిడ పకపకా నవ్వింది. "ఈశ్వరి తీగాండీ? మా చిన్నప్పుడు గట్ల మీద పీకి పారేసేవోళ్లం అమ్మగారూ! దాన్ని కొంటారాండీ?" అంది. కాసేపాగి తనే "అడిగేవోళ్లుంటే ఎందుకు పెంచరండీ. మీలాంటోళ్లు అడగరు కదండీ" అంది.

ఎంత నిజమండీ ఆ మాట! నర్సరీవాళ్లు వ్యాపారం చేస్తున్నారు. మనం అడిగిందే పెంచుతారు. మనం అడిగింది మెరుపు.

ఒకేరకం మెరుపు కోసం ఊళ్లకి ఊళ్లే ఎగబడితే ఏమవుతుందో కోనోకార్పస్‌ని చూశాం. సోమాలియా, యెమెన్ ప్రాంతాల చెట్టు అది. తొందరగా పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. రోడ్ల మధ్య, కాలనీల్లో, స్కూళ్లలో వరసలు వరసలుగా నాటారు. తీరా చూస్తే వేళ్లు పైపుల్లోకి, డ్రైన్లలోకి చొరబడుతున్నాయని, పుప్పొడి పడటం లేదని గగ్గోలు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో వనమహోత్సవం సందర్భంగా ఉప ముఖ్యమంత్రి, అటవీ శాఖ మంత్రి పవన్ కల్యాణ్ కోనోకార్పస్ వద్దని, దేశవాళీ మొక్కలే నాటమని పిలుపునిచ్చారు.

అలాగని దేశవాళీ చెట్టయితే చాలా? అదీ కాదు. ఏడాకులపాల మన చెట్టే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖలో చెట్లన్నీ కూల్చేశాక, రోడ్ల పక్కన దాన్నే విరివిగా నాటారు. పూసే కాలంలో ఆ ఘాటు వాసనకి ఊపిరాడటం లేదని అక్కడివాళ్లు గోల పెట్టారు. తప్పు చెట్టుది కాదు, ఒక్కటే చెట్టుని ఊరంతా నింపడానిది. కూరలో ఉప్పు మంచిదే, పిడికెడు పోస్తే? మన అమ్మమ్మల పెరళ్లలో ఏదీ పిడికెడు పోసి లేదు. అన్నీ చిటికెడు చిటికెడే.

డల్లాస్‌లో బోర్డు, మన వీధిలో తాంబూలం

మా ఆడపడుచు డల్లాస్‌లో ఉంటుంది. వీడియోలో ఇల్లు చూపిస్తుంటే, పచ్చిక మధ్యలో ఒక చిన్న బోర్డు కనిపించింది. ఏమిటే అదంటే, వాళ్ల పెరడుని 'వన్యప్రాణుల నివాసం'గా గుర్తించి ఇచ్చారట! అక్కడ నేషనల్ వైల్డ్‌లైఫ్ ఫెడరేషన్ అనే సంస్థ 1973 నుంచి ఈ పని చేస్తోంది. తిండి, నీళ్లు, దాక్కునే చోటు, పిల్లల్ని పెంచుకునే చోటు ఉండాలి. మందుల వాడకం తగ్గించాలి. అవన్నీ ఉంటే ఎంత చిన్న పెరడైనా సరే, బాల్కనీ అయినా సరే గుర్తింపు ఇస్తారు. అక్కడ మోనార్క్ అనే సీతాకోకచిలుక పిల్లలు తినేది పాలకలుపు జాతి మొక్కనే. మన జిల్లేడుకి చుట్టమే అది. అక్కడివాళ్లు ఆ మొక్కను కొని మరీ నాటుతున్నారు. మనం జిల్లేడు కనిపిస్తే పీకేస్తున్నాం.

అత్తయ్యగారికి చెబితే "బోర్డు లేదు గానీ, మా అమ్మ పెరట్లో అవన్నీ ఉండేవే" అన్నారు.

బోర్డులిచ్చేవాళ్లు మన వీధికి వచ్చేదాకా ఆగాలా అనిపించింది. ఈ శ్రావణ మాసం పేరంటానికి ప్లాస్టిక్ డబ్బాలు కొనడం మానేశాను. కరివేపాకు చెట్టు మొదట్లో పుట్టుకొచ్చిన పిలకలు తవ్వి, పాల ప్యాకెట్లలో మట్టి నింపి పెంచాను. తాంబూలంతో పాటు తలా ఒకటీ చేతిలో పెట్టాను. పద్నాలుగు ఇళ్లు. ఒకావిడ మొహం చిన్నబుచ్చుకున్నారు, డబ్బా రాలేదని! పోనివ్వండి. మూడు మొక్కలు ఎండిపోయాయి, ఒకటి మేక తినేసింది. పది బతికాయి.

అక్కడితో ఆగలేదు. "మా ఇంట్లో మందారం కొమ్మలున్నాయి, గుచ్చుకోండి" అని ఒకరు. "మా ఊరి నుంచి రేల గింజలు తెప్పిస్తాను" అని ఇంకొకరు. ఒక్కరి ఇంట్లో అన్నీ వేసుకునే చోటెక్కడిదండీ? కానీ పిట్టకి ప్రహరీగోడలు తెలియవు. ఒకరింట్లో నిమ్మ, ఒకరింట్లో దానిమ్మ, వీధి చివర వేప ఉంటే, దాని లెక్కలో మన వీధంతా ఒకటే పెరడు.

ఇలాంటి పనికి ఊతమిచ్చే ప్రభుత్వ కార్యక్రమాలూ వచ్చాయి. అమ్మ పేరుతో ఒక మొక్క నాటమని 'ఏక్ పేడ్ మా కే నామ్' 2024 జూన్ 5న మొదలైంది. సరిగ్గా ఏడాదికి, 2025 జూన్ 5న, కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 'ఉమెన్ ఫర్ ట్రీస్' ప్రారంభించింది. పట్టణాల్లోని పొదుపు సంఘాల మహిళలే మొక్కలు నాటి, సాకే కార్యక్రమం ఇది. మన దగ్గర ఈ సంఘాల బాగోగులు చూసేది మెప్మా. మీరు సంఘంలో ఉంటే, మీ వార్డుకి మొక్కలు వచ్చినప్పుడు "ఏ మొక్కలు?" అని ఒక్క ప్రశ్న అడగండి. కానుగ, వేప, నేరేడు, పొగడ, రేల కావాలని పేరుపెట్టి అడగండి. అమ్మ పేరున నాటే మొక్కని అమ్మ గుర్తుపట్టేలా ఉండాలి కదా!

పాములొస్తాయేమో!

ఈ మాట ఎత్తగానే అందరూ అడిగేది ఇదే. మావారూ ఇదే అన్నారు. పాము పువ్వు కోసం, సీతాకోకచిలుక కోసం రాదు. ఎలుకల కోసం, దాక్కునే చోటు కోసం వస్తుంది. గోడవార ఇటుకలు, కట్టెలు, పాత సామాన్లు గుట్టలుగా పెట్టకండి. అన్నం మెతుకులు, చెత్త పడేయకండి. మొక్కల్ని గుమ్మానికి, కిటికీలకి కాస్త ఎడంగా పెంచండి. రాత్రిపూట పెరట్లోకి వెళ్తే టార్చిలైటు తప్పనిసరి.

రెండో భయం దోమలు. పిట్టల కోసం పెట్టిన నీళ్లు రోజూ పారబోసి, మూకుడు రుద్ది కడిగి కొత్తవి పొయ్యండి. దోమ గుడ్డు దోమ కావడానికి వారం పడుతుంది, మీరు ఆ వారం ఇవ్వకపోతే సరి. కుండీల కింద పళ్లాల్లో నీళ్లు నిలవనివ్వకండి.

మూడోది దురద. ఒంటి నిండా నూగున్న గొంగళిపురుగులు, ముఖ్యంగా మునగ చెట్టు మీద గుంపుగా పట్టేవి, తగిలితే దద్దుర్లు వస్తాయి. వాటిని ముట్టుకోకండి. కరివేపాకు, నిమ్మ మీద కనిపించే నున్నటి పురుగులు ఏమీ చెయ్యవు. కొమ్ములు చూపించి బెదిరిస్తాయి, అంతే, మనింట్లో చంటాళ్లలాగ!

మందు సంగతి. "వేపనూనె అయితే పర్లేదుగా?" అంటారు. వేపనూనె కూడా ఆ పిల్లల్ని చంపుతుంది. కూరగాయ మొక్కలకి కొట్టుకోండి, కరివేపాకుకి వద్దు. మీకూ వాటికీ చాలనంటే రెండు మొక్కలు పెట్టుకోండి. ఒకటి పోపుకి, ఒకటి పిల్లలకి. మొక్క కాస్త ఎదిగినదైతే బోడిగా తిన్నా మళ్లీ చిగురిస్తుంది. మాది చిగురించింది.

అపార్టుమెంటులో ఉన్నామండీ అంటారా? ఎండ తగిలే బాల్కనీలో ఒక పెద్ద కుండీలో నిమ్మో కరివేపాకో, ఇంకోదాంట్లో మందారం. చాలు, మూడో అంతస్తుకైనా ఎక్కి వస్తాయి.

పదిహేను గజాలు

ఇక మా ఇంటి సంగతి. మా పెరడు మొత్తం ముప్ఫై గజాలు. ఆ ముప్ఫై గజాలూ గచ్చు చేయించి కారుకి షెడ్డు వేయించాలని మావారు రెండేళ్ల నుంచి అంటున్నారు. ఆయన తప్పు లేదు. వీధిలో పెడితే రోజూ ఎవరో ఒకరితో మాటామాటా. కిందటేడాది అయితే నేనూ "వేయించండి, ఆకులు ఊడ్చే పని తప్పుతుంది" అనేదాన్ని.

ఈసారి అనలేకపోయాను. మా ఇద్దరికీ నాలుగు రోజులు మాటలు లేవు. అత్తయ్యగారు ఒక్కమాటా మాట్లాడలేదు. అయిదోరోజు కొడుకుని పిలిచి "కారు ఎంత పొడుగురా?" అని అడిగారు. ఆయన కొలిచారు. పదిహేను గజాలు చాలునని తేలింది! కరివేపాకు, నిమ్మ, మందారం, వెనక మూల జిల్లేడు మిగిలాయి. దానిమ్మ మాత్రం పోయింది. ఆ రోజు పనివాళ్లు దాన్ని కొడుతుంటే నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. పోయినదానికి బదులుగా గోడవారన పెద్ద కుండీలో ఇంకోటి పెట్టాం. కాపుకి రావాలంటే ఇంకా టైముంది.

ఇప్పుడు కార్తీకం. మా కరివేపాకు ఆకులకి మళ్లీ చిల్లులు పడ్డాయి. మా అమ్మాయి అయిదు లెక్కపెట్టింది. ఒకటి కొమ్మకి నూలుపోగుతో నడుం కట్టుకుని ప్యూపాగా మారింది. పోపులోకి కరివేపాకు కావాలంటే ఈ మధ్య పక్కింటి పిన్నిగారి మొక్క నుంచి కోసుకొస్తున్నాను. నేను తాంబూలంలో ఇచ్చిన మొక్కే లెండి!

మొన్న పొద్దున్న కాఫీ ఇస్తుంటే అత్తయ్యగారు చెయ్యి ఎత్తి ఆగమన్నారు. మందారం వైపు నుంచి సన్నగా, టిక్కు టిక్కుమని ఏదో కూత. "కుట్టుపిట్టా అత్తయ్యా?" అన్నాను ఆశగా. "కాదే. తేనెపిట్ట" అన్నారు. కాసేపు విన్నారు. "కుట్టుపిట్ట ఇంకా రాలేదు. గూడు కట్టడానికి వెడల్పాటి ఆకులు కావాలి దానికి. మందారం ఇంకాస్త గుబురెక్కనీ" అని కాఫీ అందుకున్నారు.

మీ పెరట్లో కరివేపాకుకి చిల్లులున్నాయా? అయితే మందు సీసా దించకండి. చిల్లు పడిందంటే మీ ఇంటికి ఎవరో వచ్చారన్నమాట. ఎవరో ఒక్కసారి వంగి చూడండి!